ఎడమచేతి గాజులు

సూర్యాపేటలో మా వాడకట్టున బాలమ్మ అనే గాజులమ్మ ఉండేది. మనుషుల మొహాలు ఆమెకు అస్సలు గుర్తుండేవి కావు. గోడకు గోడ ఆనుకున్న ఇంట్లో పుట్టి పెరిగిన నన్నే ఒకసారి అంగట్లో చూసి, "ఎవలి పిల్లవే నువ్వు?" అని అడిగింది. నాకు ఒళ్లు మండి, చెయ్యి చాపాను. వేళ్ల కణుపులు ఒత్తి చూసి, "ఓ, నువ్వా! బొటనవేలు బిర్రుగ ఉన్న పిల్లవు గదా, మొకం జూపెడితే నాకేమెరుక?" అని నన్నే తిట్టింది.

ఆమె లోకమంతా చేతులే. చివ్వెంలలో ఎవరి మణికట్టు సన్నం, కోదాడలో ఎవరి అరచెయ్యి పొలం పనికి గట్టిపడింది, మిర్యాలగూడలో ఏ కోడలి చెయ్యి కాన్పు తర్వాత వాచింది, అన్నీ ఆమెకు తెలుసు. ఒక్కసారి ఒత్తి చూస్తే చాలు, సైజు చెప్పేసేది. మళ్లీ ఏడాదికి అదే చెయ్యి వస్తే కొలవాల్సిన పని ఉండేది కాదు.

ఈ కథ జరిగినప్పుడు నేను ఉయ్యాల్లో ఉన్నాను. తర్వాత బాలమ్మ నోట ఎన్నోసార్లు విన్నాను. చెప్పినప్పుడల్లా కొంచెం పెంచేది. పెంచిందంతా తీసేసి, ఎప్పుడు చెప్పినా మారకుండా ఉన్నదాన్ని రాస్తున్నాను. అయినా నా కోపతాపాలు నేను కలపకుండా ఉంటానని మాత్రం అనుకోకండి.

పోలీసు యాక్షన్ అయిపోయి ఏడాది తిరగని రోజులవి. అంతకుముందు గలాటాలో దారులు మూసుకుపోయి, పట్నం నుంచి గాజుల పెట్టె రావడమే గగనమైపోయింది. చేతులు బోసిపోయిన ఆడవాళ్లు, ఆగిపోయిన పెండ్లిళ్లు. దారులు తెరుచుకునేసరికి ఆగిన పెండ్లిళ్లన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఆ ఎండాకాలం ఏ సందులో చూసినా పందిరే. గాజులు తాడుకు గుచ్చి భుజాన వేసుకునే ఆ బరువును మలారం అంటారు. బాలమ్మ ఒక మలారం, ఆమె మొగుడు గోపయ్య ఒక మలారం మోసుకుని బస్సుల వెంట పరుగులు తీసేవాళ్లు. గోపయ్య మాటలు తక్కువ మనిషి. ఆయనకు మాట్లాడే సందు దొరికేది కాదనేది వాడకట్టు మాట.

అప్పుడే కొందరు పెద్దింటివాళ్లు బాలమ్మకు ఒక హితవు చెప్పారు. తురకల ఇండ్లకు పోవద్దని. చెప్పినవాళ్లలో ఆండాళు దొరసాని ఒకరు. ఊళ్లో పెద్ద లోగిలి వాళ్లది. మనవరాలి పెండ్లి దగ్గరపడుతోంది. ఆ పెండ్లికి గాజులు వేయడమంటే ఏడాది తిండి. అయినా బాలమ్మ మొహమాటపడలేదు.

"దొరసానీ, చేతులకు మతం జూస్తే నేను బతికేదెట్ల? తురకలకు ఏస్త, కిరస్తానీలకు ఏస్త, మీకూ ఏస్త. చెయ్యి చాపినోళ్లకు కాదనుడు నా మలారంల లేదు" అంది.

దొరసాని నవ్వి ఊరుకుంది. ఈ మాట బాలమ్మ బస్సులో చెప్పింది, బావి దగ్గర చెప్పింది, కోదాడ అంగట్లో కూడా చెప్పింది. చెప్పుకున్న కొద్దీ ఆమెకు తన మీద తనకు గౌరవం పెరిగిపోయింది.

నిజానికి కాదనడం ఆమె మలారంలో ఉంది, ఒక్కచోట. మొగుడు పోయిన ఆడదాని చేతికి గాజులు వేసేది కాదు. వేస్తే మలారం కళ పోతుందని, ఆ తర్వాత ముత్తైదువలెవరూ చెయ్యి చాపరని గాజులవాళ్లందరి నమ్మకం. దాన్ని ఆమె కాదనడంగా లెక్కేసేదే కాదు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది వాళ్లకు. వేసిన గాజును వాళ్ల చేత్తో తీయరు. రంగు నచ్చకపోయినా, బిగుతైనా, వేయించుకున్నమ్మే ఇంటికి పోయి తీసుకోవాలి. ఎందుకంటే చేతి నుంచి గాజు తీసేది మొగుడు పోయిన నాడు. "తీసే చేతులు వేరే ఉంటయి. నాయి ఏసే చేతులు" అనేది బాలమ్మ.

కోదాడలో సారమ్మ అనే ఆవిడ మిషను దవాఖానలో ఆయా. ఆ చుట్టుపక్కల పుట్టిన పిల్లల్లో సగం మందిని ముందుగా అందుకున్న చేతులు ఆమెవే. వాళ్లది కిరస్తానీ వాడ. మొగుడు మత్తయ్య బండి తోలేవాడు, జ్వరమొచ్చి పోయాడు. పోయిన పదోనాడు మత్తయ్య మేనత్త లింగమ్మ వచ్చి సారమ్మ గాజులు తీయించింది. లింగమ్మ చిన్నతనంలోనే మొగుణ్ని పోగొట్టుకున్న మనిషి. వాడలో అందరికంటే ముందు బాప్తిస్మం తీసుకుంది. ఆదివారం ఆమె కూర్చోనిదే ప్రార్థన మొదలయ్యేది కాదు. కానీ పాత పేరు మార్చుకోలేదు, ఈ ఆనవాయితీ కూడా మార్చుకోలేదు. మన గ్రంథంలో ఇట్లాంటిది లేదని గుడి ఉపదేశి గొణిగాడు గానీ, లింగమ్మకు ఎదురుపడి చెప్పే గుండె ఆయనకు లేదు.

ఇప్పుడు సారమ్మ కూతురు రాహేలుకు పెండ్లి కుదిరింది. లింగమ్మ అప్పుడే తేల్చి చెప్పేసింది. గాజుల్లేని చెయ్యి పెండ్లికూతురిని తాకొద్దు. చీర కట్టేది, తల దువ్వేది, పిల్ల చెయ్యి పిల్లగాని చేతిలో పెట్టేది వేరే ముత్తైదువ. తల్లి వెనక వరసలో నిలబడాలి.

ఊరందరి పిల్లల్నీ మొదట తాకే చెయ్యి, సొంత పిల్ల పెండ్లినాడు తాకకూడదట. నాకైతే ఆ లింగమ్మను పట్టుకుని నాలుగు దులపాలనిపిస్తుంది. సారమ్మ నాలాగా తొందరపడే మనిషి కాదు. బాలమ్మ కోదాడ వచ్చేదాకా ఆగింది. పెండ్లి గాజుల బేరం మాట్లాడాక నెమ్మదిగా రెండు చేతులూ చాపింది.

"బాలమ్మక్కా, రాహేలు పెండ్లినాడు పందిట్లో ముందుగా నాకు వెయ్యి. గాజులుంటే లింగమ్మత్త నోరు మూస్తది. నా బిడ్డను నేనే అప్పగించుకుంటా."

బాలమ్మ తన చేతులు వెనక్కి లాక్కుంది. "వద్దు సారమ్మా. ఆ పని నాతోటి కాదు. నా మలారం నాది. ఎవలకు ఎయ్యాల్నో, ఎవలకు ఎయ్యొద్దో నా ఇష్టం గదా?"

"నా మతంలో ఆ అడ్డం లేదక్కా."

"నా మతంల ఉన్నది" అని బాలమ్మ మలారం ఎత్తుకుని లేచింది. ఆ రోజు బస్సులో మతం చూడనన్న గొప్ప ఎవరికీ చెప్పుకోలేదట. నోరు నొప్పి అని గోపయ్యతో అబద్ధమాడింది.

ఆ తర్వాత కొద్దిరోజులకు మొగుడూ పెండ్లాలిద్దరూ మిర్యాలగూడలో మహబూబీ ఇంటికి పోయారు. మహబూబీ కోడలికి కాన్పయి, పిల్ల తొట్లెలో పడే వేడుక. ఇంటినిండా చుట్టాలు. గోపయ్య మగమనిషి కాబట్టి ఆ ఇంట్లో ఎప్పుడూ వసారాకు ఆకుపచ్చ తెర కట్టేవాళ్లు. తెర ఇవతల బాలమ్మ కూర్చుని సైజులు చెబితే గోపయ్య అందించేవాడు. తెర సందులోంచి చేతులొచ్చేవి, గాజులు వేయించుకుని పోయేవి. లోపల ఒకటే నవ్వులు.

ఆ నవ్వులకు కారణముంది. ఆ కాన్పు చేయడానికి కోదాడ నుంచి వచ్చిన ఆయా సారమ్మే. వేడుకయ్యేదాకా ఉండమని మహబూబీ పోనివ్వలేదు. మాటల్లో గాజుల సంగతి బయటపడింది. మహబూబీకి అల్లరెక్కువ. "అరే, జర ఆగు సారమ్మా. తెర ఎందుకున్నది మనకు? మొకం కనబడది, చెయ్యి ఒక్కటే కనబడతది. మా చేతుల నడుమ నీ చెయ్యి పెట్టు. ఏసినంక ఇగ ఏం జేస్తది?" అంది. సారమ్మ వద్దు వద్దంటూనే చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్విందట. చాలా రోజులకు వచ్చిన నవ్వు.

మొహాలే గుర్తుండని మనిషి దగ్గర మొహం దాచాలనుకున్నారు ఆ తెలివైనవాళ్లు. చెయ్యి దాచాలని ఒక్కరికీ తోచలేదు.

అయితే బాలమ్మ కూడా ఆ క్షణాన మనసు పెట్టి లేదు. ఎర్రగాజులు అడిగితే నీలివి అందించాడని గోపయ్యను ఎడాపెడా కడిగేస్తోంది. తెరలోంచి ఇంకో కుడిచెయ్యి వచ్చింది. ఒత్తి చూడకుండానే ఆమె వేళ్లు సరైన సైజు తీసుకున్నాయి. కణుపుల దగ్గర ఎక్కడ వత్తాలో, ఎటు తిప్పాలో ఆ వేళ్లకు ముందే తెలుసు. నోరు మొగుణ్ని తిడుతూనే ఉంది, రెండు ఎర్రగాజులు మణికట్టు దాకా పోయాయి. మూడోది ఎక్కిస్తుంటే బొటనవేలి కింద చిన్న బొడిపె తగిలింది. రోకలి దెబ్బకు విరిగి అతుక్కున్న ఎముక అది. సారమ్మ కొత్తపెండ్లికూతురిగా వచ్చిన నాటి నుంచి ఆ బొడిపె దాటించి గాజు వేయడం బాలమ్మ ఒక్కదానికే చేతనయ్యేది.

మూడో గాజు బాలమ్మ చేతిలోనే ఉండిపోయింది.

"సారమ్మా" అంది బాలమ్మ.

తెర పక్కకు జరిగింది. సారమ్మ నిలబడి ఉంది. వెనక మహబూబీ, ఆమె చుట్టాలూ. పాపం గోపయ్య గభాలున రెండు చేతులతో కండ్లు మూసుకుని గోడ వైపు తిరిగిపోయాడు. ఒళ్లో ఉన్న గాజులన్నీ గలగలమని జారిపోయాయి.

"గిట్ల మోసం జేస్తరా?" అని బాలమ్మ అరిచింది.

"మోసమే అక్కా. అయితే తీసెయ్" అని సారమ్మ ఆ చేతినే మళ్లీ చాపింది. "వేసింది నువ్వేగా. తియ్యి. లింగమ్మత్త తీసింది ఒకసారి. ఇంకోసారి నువ్వు తియ్యి."

బాలమ్మ ఆ రెండు గాజుల వైపు చూసింది. చెయ్యి ముందుకు పోలేదు. పోదు కూడా. గాజు తీసిన చెయ్యి ఇక మలారం ముట్టుకోకూడదు.

"తురకలకు వేస్తావు, మాకు వేస్తావు, మతం చూడనని ఊరూరా చెప్పుకుంటావు. మరి నీ మతం తెచ్చి నా చేతులకెందుకు తొడుగుతావక్కా? గాజులే అమ్మనని చెప్పు, ఊరుకుంటా. మా మత్తయ్య పోయాడని నాకు నువ్వు గుర్తుచేయాలా?" అంది సారమ్మ. అప్పటిదాకా బింకంగా ఉన్న మనిషి ఆ పేరు దగ్గర ఏడ్చేసింది.

బాలమ్మ మలారం భుజాన వేసుకుంది. ఎవరి మాటకైనా జవాబు చెప్పకుండా లేచి రావడం జీవితంలో అదే మొదటిసారని ఆమే ఒప్పుకునేది. గోపయ్య ఇంకా కండ్లు మూసుకునే ఉన్నాడు. ఆమె రెక్క పట్టుకుని వాకిలి దాటించాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక ఆమెకు తిండి సయించలేదు. గాజులు పడ్డాయన్న బాధ కాదు. ఒక చేతికి రెండు గాజులు, రెండో చెయ్యి బోసి. ఒక చేతికే వేసి పంపడం గాజులమ్మకు ఎంత తలవంపో చెప్పలేను. అన్నం ముద్ద పట్టుకుంటే ఆ ఎడమచెయ్యే కండ్ల ముందు కనబడుతోంది.

"ఏమంటవయ్యా నువ్వు?" అని చివరికి మొగుణ్ని అడిగింది.

గోపయ్యకు సందు దొరికింది. "నేనేం సూడలే, కండ్లు మూసుకున్న" అన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "కానీ నీ చేతి ఏళ్లు ఊకెనే ఏసినయి. వాటికి అడ్డం రాలే గదా ఏ మతం" అన్నాడు. ఆయన ఒక్కసారే అంత పొడుగు మాట మాట్లాడేసరికి బాలమ్మ ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయింది.

గాజుల సంగతి ఎంత వేగంగా పాకుతుందో మీకు తెలియనిది కాదు. మర్నాటికి ఆండాళు దొరసాని చెవిన పడింది. పిలిపించింది.

"ఏమే బాలమ్మా, ముండమోపి చేతికి ఏసినవట?"

"ఏసిన దొరసానీ. తెర అడ్డమున్నది."

"పొరపాటాయెనని నలుగుర్ల చెప్పు. మలారం పసుపు నీళ్లతోటి కడుక్కో. మా పిల్ల పెండ్లి గాజులు నీకే ఇస్త. లేదంటే నీ మలారం మా గడప తొక్కొద్దు" అంది దొరసాని. కోపంగా కాదు, మంచిగానే చెప్పింది. ఆమె దృష్టిలో అది బాలమ్మ మేలు కోరి చెప్పిన మాట.

పొరపాటే కదా మరి. చెప్పేస్తే అబద్ధం కూడా కాదు. "ఆలోచన చేసి చెప్త" అని బాలమ్మ వచ్చేసింది. మూడు గల్లీలు తిరిగి ఇల్లు చేరింది.

రాహేలు పెండ్లినాడు పొద్దున్నే కోదాడ వాడలో పందిరి కింద చాపలు పరిచారు. బ్యాండు మేళం వాళ్లు ఎండ ముదరకముందే ఊదడం మొదలుపెట్టారు. లింగమ్మ తెల్లచీర కట్టుకుని పందిరి మధ్యన పీట మీద కూర్చుంది. పెండ్లికూతురిని ముస్తాబు చేసే ముత్తైదువను ఆమే ఎంపిక చేసింది. సారమ్మ వెనక నిలబడి ఉంది. కుడిచేతి గాజుల మీద కొంగు కప్పుకుంది. బాలమ్మ వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. రాకపోతే పిల్ల గాజుల్లేకుండా పెండ్లి పీటల మీద కూర్చోవాలి.

బస్సు ఆలస్యం. వచ్చేసరికి మొగుడూ పెండ్లాలకు చెమటలు. బాలమ్మ భుజాన ఉన్నది తెంపని కొత్త మలారం. కొత్త మలారం తాడు విప్పి మొదట వేసేదాన్ని బోణీ అంటారు. ఆ బోణీకి గాజులవాళ్లు ఊళ్లోకెల్లా పసుపుకుంకాలు నిండుగా ఉన్న ముత్తైదువను వెతుక్కుని మరీ చెయ్యి పట్టుకుంటారు. ఏడాదంతా మలారం ఎట్లా నడుస్తుందో ఆ చేతిని బట్టి ఉంటుందని వాళ్ల నమ్మకం.

లింగమ్మ ఎంపిక చేసిన ముత్తైదువ చెయ్యి చాపింది. బాలమ్మ ఆ చేతిని ఆగమని పక్కకు పెట్టింది.

"సారమ్మా, ఎడమచెయ్యి తే."

సారమ్మ కదల్లేదు. బాలమ్మ మళ్లీ అంది, "తెర లేదు, ఏం లేదు. అందరి ముంగట ఏస్త. పొరపాటు కాదు ఇయ్యాల. తే."

కొత్త మలారం ముడి విప్పింది. మొదటి గాజు ఆ చేతికే. వేస్తుంటే లింగమ్మ లేచి నిలబడింది గానీ అడ్డం రాలేదు. ఎడమచేతికి డజను, కుడిచేతికి తక్కువైనవి, పైన ఒకటి కొసరు. ఒక్కటీ చిట్లలేదు.

వేసిన తర్వాత దీవించాలి. హిందువులకు పసుపుకుంకాలతో ఉండమనేది, మహబూబీ వాళ్లకు సలామత్ ఉండమనేది. సారమ్మకేం చెప్పాలో తోచలేదు. అంత నోరున్న మనిషి తడబడి, చివరికి, "ఈ చేతుల్ల ఇంక వందమంది పిల్లలు పుట్టాలె!" అనేసింది. పందిరంతా ఒక్కసారిగా నవ్వింది. రాహేలు కూడా పెండ్లికూతురన్న సంగతి మరిచి పగలబడి నవ్వింది. సారమ్మ గాజుల చేతులతో పోయి కూతురి మొహం పట్టుకుంది. కొత్త గాజులు పిల్ల చెవుల దగ్గర గలగలమన్నాయి. ఆమెను వెనక్కి పొమ్మని ఎవరూ అనలేదు.

ఆండాళు దొరసాని ఇంటి పెండ్లికి ఆ ఏడు గాజులు వేరే మనిషి వేసింది. ఆ గడప బాలమ్మ మళ్లీ తొక్కలేదు. ఆ నష్టం ఎప్పటికీ పూడలేదని గోపయ్య అనేవాడు. బాలమ్మ మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా, తర్వాత ఏం జరిగిందో చెప్పి తీరేది.

పెండ్లికూతురికి, వాడలో ఆడవాళ్లందరికీ గాజులు వేయడం అయిపోయింది. బాలమ్మ మిగిలినవి తాడుకు గుచ్చుకుంటూ తల వంచుకుని ఉంది. ఎదురుగా ఒక చెయ్యి వచ్చి ఆగింది. ఎండిపోయి, నరాలు తేలిన ముసలి చెయ్యి. బాలమ్మ అలవాటుగా పట్టుకుని కణుపులు ఒత్తింది. ఆ చెయ్యి ఆమెకు తెలియదు. ఇన్నేళ్లు ఈ వాడకు వస్తున్నా ఎన్నడూ తన ముందుకు రాని చెయ్యి. మణికట్టు మీద గాజు ఒరుసుకున్న జాడ కూడా లేదు.

తలెత్తి చూసింది. లింగమ్మ.

"నాకు పట్టేటియి ఉన్నయా?" అని అడిగింది లింగమ్మ, ఎటో చూస్తూ.

బాలమ్మ ఆ చేతిని ఇంకోసారి ఒత్తింది. "ఉన్నయి. కానీ కణుపులు ముదిరినయి, ఊకె ఎక్కయి" అని సారమ్మ వైపు తిరిగింది. "సారమ్మా, జర సబ్బు ముక్క, చెంబెడు నీళ్లు తే."

సారమ్మ పరుగెత్తింది.